మెత్తన్న పెట్టిన పిల్లపట్నం

గిన్నికోడి చుక్కయ్యకు ఒక గొప్ప సుగుణం ఉంది. దాన్ని దొడ్డిలో ఇంకెవరూ గుర్తించకపోవడంతో, రోజూ పొద్దున్నే గోడెక్కి ఆయనే చెప్పుకునేవాడు.

“నేను ఎవర్నీ నమ్మను. గొప్పలు పోతున్నాననుకోకండి, ముందు నన్ను నేనే నమ్మను. కుడితి తొట్టిలోకి తొంగి చూస్తే బోడి మెడ, ఎర్ర తిత్తులు, నెత్తిమీద బొడిపె. ‘ఎవడ్రా ఈ దొంగమొహం వాడు’ అని మొదట కేకేసేది నేనే. ఇంత నిజాయితీ ఈ దొడ్డిలో ఇంకెవరికుందో చూపించండి!”

“నిజమే మామా,” అనేవాడు కుక్క రాయుడు, పడుకున్న చోటు నుంచి లేవకుండానే. “కాకపోతే నిన్న నా తోక చూసి పామని అరిచావు. మొన్న ఎండుటాకు రాలితే గద్దని అరిచావు. మేం నిద్రపోయేదెప్పుడు?”

“తోకన్నాక ఊగాలి. నీది ఊగలేదు. ఎందుకు ఊగలేదో నువ్వే చెప్పాలి.”

ఆ దొడ్డి ఊరి చివర, కొండకూ చెరకు తోటలకూ నడుమ ఉండేది. ఒక మూల గేదె నీలవేణి కొట్టం, దాని వెనక పేడగుంట, ఇంకా అవతల కందికట్టె పేర్చిన గుట్ట. ఆ గుట్ట వెనకాల చుక్కయ్య కూతురు మచ్చమ్మ గుడ్లు పెట్టి పొదుగుతోంది. ఆ సంగతి చుక్కయ్యకూ, మనవరాలు పిందెకూ తప్ప ఇంకో ప్రాణికి తెలియదు.

గిన్నికోళ్ళ పద్ధతే అంత. మామూలు కోళ్ళలాగా గంప కింద గుడ్లు పెట్టవు. ఎవరికీ కనబడని చోటు వెతుక్కుంటాయి. ఆ గూటికి తిన్నగా వెళ్ళవు. ముందు దానికి ఎదురు దిక్కున నాలుగడుగులు వేసి, మధ్యలో గింజలు ఏరుకుంటున్నట్టు నటించి, ఎవరూ చూడడం లేదని రూఢి చేసుకుని, చుట్టు తిరిగి చేరతాయి. గుడ్లకు పరాయి స్పర్శ తగిలిందా, వదిలేసి లేచిపోతాయి, మళ్ళీ మొహం చూడవు. కాబట్టి ఆ గూడు ఎవరికీ తెలియకుండా ఉండడమే దానికి గోడా, తలుపూ, తాళమూ.

ఒక ఉదయం ఓ కోతి పగిలిన రేకు డబ్బా వాయించుకుంటూ దొడ్డి ముందుకొచ్చింది.

“రండి బాబూ రండి! పాత బెల్లం పాకలో పిల్లపట్నం! పెద్దలు చేసే పనులు పిల్లలు చేసే పట్నం! మీ కూన కాపలా కాస్తుంది, మీ దూడ బండి లాగుతుంది, మీ చంటిది పొద్దు పొడవక ముందే కూత కూస్తుంది! ఉత్తినే బాబూ, ఉత్తినే!”

‘ఉత్తినే’ అన్న మాట చెవిన పడగానే చుక్కయ్య మెడ సాగింది.

“ఎవరు పెట్టారూ?”

“మెత్తన్నగారు.”

“నక్క మెత్తన్నా?”

“పుట్టుక నక్కే. ఇప్పుడు మానేశారు.”

“ఏం మానేశాడు? నక్కతనమా, మాంసమా?”

“రెండూ,” అంది కోతి, డబ్బా మీద ఇంకో దెబ్బ వేసి.

అప్పటికే దొడ్డిలో పిల్లలంతా గోల మొదలుపెట్టారు. రాయుడి కూన బుడ్డ గేటు దగ్గర గింగిరాలు తిరుగుతున్నాడు. పిందె తాత రెక్క పట్టుకుని వేలాడింది.

“తాతా, తాతా, నేనూ!”

“అక్కడుండేది నక్కే.”

“మానేశాడటగా!”

చుక్కయ్య చుట్టు తిరిగి గూటి దగ్గరికెళ్ళి కూతురి సలహా అడిగాడు. మచ్చమ్మ ఎండలో ముక్కు తెరుచుకుని కూర్చుని ఉంది. “తీసుకెళ్ళు నాన్నా,” అంది. “ఇది ఊరికే నా దగ్గరికి వచ్చిపోతుంటే గడ్డిలో దారి పడిపోతోంది. రేపు ఎవరైనా ఆ దారి పట్టుకునే వస్తారు. నువ్వు పక్కనే ఉండి కనిపెట్టుకో.”

“కనిపెట్టడానికేగా నేను పుట్టింది,” అన్నాడు చుక్కయ్య.

బెల్లం పాక చెరకు తోటల పక్కనే ఉంది. చెరకు కొట్టే రోజులు కావు గనక ఖాళీగా పడి ఉంది. మెత్తన్న దాన్ని బాగానే ముస్తాబు చేయించాడు. పెద్ద పెనం బోర్లించి దాని మీద కూత కూసే చోటు. పొయ్యి పక్కన చిన్న కాడి, చిన్న బండి. గుంజకు కట్టిన తాడు, కాపలా కుక్కల కోసం. ఇసక పోసి గులకరాళ్ళు పేర్చిన గూడు, తల్లికోళ్ళ కోసం.

“రండి బావగారూ,” అన్నాడు మెత్తన్న, గుమ్మంలోనే ఎదురొచ్చి. గొంతు వెన్న రాసినట్టుంది.

“నేను నీకు బావనెప్పుడయ్యాను?”

“మీ పిల్ల నాకు మేనకోడలైనప్పుడు.”

“అదెప్పుడయింది?”

“ఇదిగో, ఇప్పుడే, గుమ్మం దాటగానే. లోపలికి రామ్మా తల్లీ. పెద్దలు మాత్రం బయట పందిట్లో కూర్చోవాలి బావగారూ. మన పట్నంలో అదొక్కటే కట్టుబాటు.”

“ఎందుకూ?”

“మీరు చూస్తుంటే పిల్లలు పిల్లల్లాగే ఉంటారు. చూడకపోతే పెద్దవాళ్ళయిపోతారు.”

ఈ మాటలో తప్పెక్కడుందా అని చుక్కయ్య అటూ ఇటూ తిప్పి చూశాడు. దొరకలేదు. దాంతో అనుమానం ఇంకాస్త పెరిగింది. లోపలికెళ్ళిన తోకలన్నీ ఒకటొకటిగా గుర్తుపెట్టుకుని, పందిట్లో మేకల పక్కన కూర్చుని, గుమ్మానికి కళ్ళు అతికించాడు.

కాసేపటికి గుమ్మంలోంచి ఒక ఈక గాలికి కొట్టుకొచ్చింది.

“ఈక! ఈక! తినేశాడు! తినేశాడు!” అంటూ చుక్కయ్య పందిరి అదిరేలా అరిచాడు. తల్లిదండ్రులంతా తలుపు మీద పడ్డారు. లోపలినుంచి కోతి చీపురు పట్టుకుని వచ్చింది. అది ఈకల చీపురు.

రెండోసారి లోపల ఏదో పిల్ల గొంతు చించుకుని ఏడ్చింది. మళ్ళీ అరిచాడు. మళ్ళీ పడ్డారు. పెనమెక్కిన కోడిపుంజు పిల్ల, పొద్దుపొడుపు కూత నేర్చుకుంటోంది.

మూడోసారి మెత్తన్న దవడలు ఆడిస్తూ కనిపించాడు. చుక్కయ్య ఈసారి అరవడమే కాదు, ఎగిరి ఆయన మూతి మీదికే దూకాడు. మెత్తన్న నెమ్మదిగా నోరు తెరిచి చూపించాడు. చెరకు ముక్క.

“ఈ ముసలాయన్ని ఎవరైనా కాలువ అవతల కూర్చోబెట్టండర్రా,” అంది ఓ మేక. “పిల్లలు సరదాగా ఆడుకుంటుంటే ఈయన గోలేంటి?”

“అననీండమ్మా,” అన్నాడు మెత్తన్న. “పెద్దలన్నాక అనుమానించాలి. అనుమానించని ఇంట్లో పిల్లలు పెరగరు. నాకైతే బావగారిని చూస్తే ముచ్చటేస్తోంది.”

అందరూ ఆయన మంచితనానికి తలలూపారు. చుక్కయ్య తలొక్కటే మెడలోకి దిగిపోయింది.

పొద్దు వాలే వేళకు పిల్లలంతా బయటికొచ్చారు. వెళ్ళిన తోకలన్నీ వచ్చాయి. చుక్కయ్య ఒక్కొక్కరి ముక్కూ చెవీ తడిమి చూశాడు. గీత పడలేదు. ఆ సంగతి ఆయన్ని సంతోషపెట్టాల్సింది పోయి మరీ ఇబ్బంది పెట్టింది.

దారిలో పిందె నడవలేదు, ఎగిరెగిరి పడింది. మెడలో నారకు గుచ్చిన ఆకు ముక్క ఊగుతోంది.

“ఇదేంటే?”

“పంతులమ్మ బిళ్ళ. నాకొక్కదానికే ఇచ్చాడు!”

“నువ్వెళ్ళింది పని నేర్చుకోడానికి కదా?”

“తల్లికోడి పని నేర్పుతానన్నాడు తాతా. తీరా చూస్తే ఆయనకే రాదు! గులకరాళ్ళు గుడ్లనుకుని, నడిమధ్యన, అందరికీ కనబడేట్టు పెట్టుకుని కూచున్నాడు. మేమంతా పడీ పడీ నవ్వాం. గంప కింద పెట్టాలని కోడిపిల్లలు చెప్పాయి. ‘గిన్నికోళ్ళు కూడా గంప కిందేనా?’ అన్నాడు. ఎంత తెలివితక్కువ ప్రశ్న!”

చుక్కయ్య ఆగిపోయాడు. “నువ్వేమన్నావు?”

“కాదు, కందికట్టె వెనకాల అన్నాను.”

“తర్వాత?”

“తర్వాత నడక. తిన్నగా గూటి మీదికే పోయాడు! నవ్వొచ్చింది. అలా కాదు మామా అని నేనే నడిపించా. ముందు ఎదురు దిక్కు, తర్వాత కుడితి తొట్టి, అక్కడ వంగి గింజలు ఏరాలి, తర్వాత కొట్టం వెనక గడ్డి మీదుగా చుట్టు తిరగాలి అని. ఎన్నిసార్లు చెప్పినా ఎక్కడో ఒకచోట తప్పుతాడు. ఒట్టి మొద్దు, పాపం.”

“అమ్మ గూట్లోంచి ఎప్పుడు లేస్తుందని అడిగాడా?”

“ఊహూఁ, అడగలేదు.”

చుక్కయ్యకు ఊపిరి తిరిగొచ్చింది.

“లేవకుండా అలాగే కూచున్నాడు తాతా. నేనే చెప్పా. ‘అలా కూచుంటే చచ్చిపోతావు మామా, కుక్క సంకటి తినే వేళకి లేచి నీళ్ళు తాగి రావాలి, అప్పుడు కోళ్ళన్నీ మెతుకుల కోసం అటు పోతాయి, నిన్నెవరూ చూడరు’ అని. రేపు ఆయనకి పరీక్ష. నేనే పెడతాను.”

చుక్కయ్య ఎర్ర తిత్తులు సున్నం కొట్టినట్టయ్యాయి. రోజంతా తను నక్క పళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. నక్క తన పని చెవులతో కానిచ్చుకున్నాడు.

ఒక్క కేక వేద్దామనుకున్నాడు. కానీ పిందె మొహం చూశాడు. దొడ్డిలో అందరికన్నా చిన్నది. అది పుట్టాక దాన్ని ఎవరైనా ఏదైనా అడగడం ఇదే మొదలు. ఆ సంబరంలో ముక్కు పైకెత్తి, కాళ్ళు నేలకానకుండా నడుస్తోంది.

“బాగా చెప్పావే,” అన్నాడు చుక్కయ్య.

దాన్ని తల్లి దగ్గరికి పంపి, తిన్నగా రాయుడి దగ్గరికి పరిగెత్తాడు. గేదె నీలవేణి పక్కనే నెమరు వేస్తోంది.

“రాయుడూ, కొంప మునిగింది. నక్కకు మచ్చమ్మ గూడు తెలిసిపోయింది.”

“ఇవాళ పందిట్లో మూడుసార్లు పరువు తీసుకున్నావట. నాలుగోది నా దగ్గరా మామా?”

“నిజంరా! పిల్లలకి పని నేర్పడానికి కాదు, పిల్లల దగ్గర మన ఇళ్ళ సంగతి నేర్చుకోడానికి పెట్టాడు ఆ పట్నం. కావాలని తప్పు చేస్తాడు. పిల్లలు ఊరుకుంటారా? దిద్దుతారు.”

“నా సంగతి నేర్చుకునేదేముంది? నేను నిప్పులాంటి కాపలాదారుణ్ణి.”

అంతలో బుడ్డ తోక ఊపుకుంటూ వచ్చాడు. “నాన్నా! కాపలా పనిలో నాకే మొదటి బహుమానం!”

“చూశావా మామా!” అన్నాడు రాయుడు. “ఎలా మొరిగావురా?”

“మొరగలేదు నాన్నా. సంకటి తినేటప్పుడు నువ్వు కళ్ళు మూసుకుని, చెవులు వాల్చేసి, ఎవరు పిలిచినా పలక్కుండా, ఉఁ ఉఁ అంటుంటావే, అది చేసి చూపించా. మెత్తన్న మామకి తెగ నచ్చింది. మళ్ళీ మళ్ళీ చేయించుకున్నాడు.”

రాయుడి చెవులు ముందు వాలాయి. తర్వాత నిక్కబొడుచుకున్నాయి. నీలవేణి మాత్రం నెమరు ఆపి, మొహం అటు తిప్పుకుని, ఒళ్ళంతా కదిలేలా నవ్వుకుంది.

“నవ్వకు వదినా,” అన్నాడు చుక్కయ్య. “నా కూతురు, దాని పిల్లలు. రేపు మధ్యాహ్నానికి ఉంటారో ఉండరో.”

నీలవేణి నవ్వు ఆగింది. “గూడు మార్చెయ్యరాదూ?”

“గుడ్లు ముట్టుకుంటే మచ్చమ్మ వదిలేస్తుంది. ఇదివరకోసారి అడిగి చూశాను. ‘నా చేతుల్లో లేదు నాన్నా, మన జాతే అంత’ అని ఏడ్చింది.”

“అయితే రేపు నేను...” రాయుడు సంకటి వచ్చే దిక్కుకేసి ఒకసారి చూశాడు. “రేపు నేను సంకటి మానేస్తాను.”

“నువ్వు ముద్ద ముట్టకపోతే ఇంటావిడ నీకు రోగమొచ్చిందని గుంజకు కట్టేస్తుంది,” అంది నీలవేణి.

“అదీ నిజమే,” అన్నాడు రాయుడు, కాస్త తొందరగానే. “పోనీ పిందెకు చెప్పేద్దాం. రేపు నక్కకు తప్పు దారి చెబుతుంది.”

“దానికి అబద్ధం రాదురా. ముక్కు మీదే తెలిసిపోతుంది. వాడు మొహాలు చూసి బతికేవాడు. ఒకసారి జారుకున్నాడంటే ఇంకో ఎత్తుతో వస్తాడు, అది మనకు తెలియదు.” చుక్కయ్య కాలితో నేల గీరుతూ చాలాసేపు ఆలోచించాడు. “దాన్ని నిజమే చెప్పనిద్దాం. మనమే నిజాన్ని కొంచెం మారుద్దాం.”

“అంటే?”

“వాడు పట్టపగలు దొడ్డిలోకి రావాలి. ఎవరైనా దూరం నుంచి చూసినా గిన్నికోడే అనుకోవాలి. కాబట్టి పిందె నేర్పిన దారి తప్పడు, ఒక్క అడుగు తప్పడు. ఆ దారి కొట్టం వెనక గడ్డి మీదుగా పోతుంది.”

“అది గడ్డేంటి? పేడగుంట,” అంది నీలవేణి. “పైన ఎండి పొర కట్టింది. మీరు తేలిగ్గా ఉంటారు గనక నడిచిపోతారు.”

“ఆ పొర లేకపోతే?”

నీలవేణి పెద్ద కళ్ళు నెమ్మదిగా వెలిగాయి. “నేను అందులో ఒక్కసారి దొర్లితే పొరా ఉండదు, పాడూ ఉండదు. నా చిన్నప్పట్నుంచీ ఆ కోరిక ఉంది. ఇంటావిడ తిడుతుందని ఊరుకున్నా.”

“పైన ఎండుగడ్డి నేను పరుస్తాను,” అన్నాడు రాయుడు. “రేపు సంకటి కూడా కళ్ళు తెరుచుకునే తింటాను. బయటికి మూసినట్టే కనబడాలి, అంతే కదా?”

ఆ సాయంత్రం చుక్కయ్యకు గింజ దిగలేదు. రాయుడు తిండి చూసి అన్నీ మర్చిపోతే? నీలవేణి బద్ధకించి దొర్లకపోతే? ఒకేసారి ఇద్దర్ని నమ్మాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున పిందెను తీసుకుని మళ్ళీ పాకకు వెళ్ళాడు. ఇక్కడే అసలు చిక్కొచ్చింది. ఆయన అరవకపోతే నక్కకు అనుమానం వస్తుంది. కాబట్టి అరవాలి. ఎవరినో చూసి అరవబోయాడు, గొంతులోంచి కీచుమని సన్నగా ఏదో వచ్చింది. ఇంతకాలం వృథాగా అరుస్తాడని అందరూ అనేవాళ్ళు గానీ, ఉత్తుత్తి కేక ఒక్కటి కూడా ఆయన ఏనాడూ వేయలేదు. ప్రతిసారీ నిజంగానే భయపడి అరిచాడు.

“గొంతు బాగోలేదా బావగారూ?” మెత్తన్న తల ఓ పక్కకు వాల్చి చూశాడు.

“మంచు... మంచుకి పట్టేసింది.”

“ఎండాకాలంలోనా?”

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి పిందె గొంతు వినిపించింది. “రా మామా, పరీక్ష! ఈసారి తల ఇంకా కిందికి వంచాలి, ముక్కు నేలకి ఆనాలి!” తన గూడు, తన కూతురు, ఆ ముక్కు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కనబడి, చుక్కయ్య ఒళ్ళు జలదరించి, పందిరి కప్పు ఎగిరిపోయేంత కేక బయటికొచ్చింది.

“మళ్ళీ మొదలెట్టాడమ్మా!” అంది మేక.

మెత్తన్న చిరునవ్వు నవ్వి లోపలికి వెళ్ళాడు.

మధ్యాహ్నమైంది. దొడ్డి వైపు నుంచి ఇంటావిడ కుక్కను పిలిచే కేక వినబడింది. “పిల్లలూ, ఇప్పుడు తిండి వేళ. ఆడుకుంటూ ఉండండి, పరీక్షకు కాస్త చదువుకుని వస్తాను,” అని లోపల మెత్తన్న అనడం చుక్కయ్య విన్నాడు. పొయ్యి వెనక బొరియలోంచి ఎర్రటి తోక ఒకటి చెరకు తోటలోకి జారింది.

చుక్కయ్య అడ్డదారిన ఎగురుకుంటూ వెళ్ళి దొడ్డి గోడ మీద, మునగ కొమ్మ చాటున వాలాడు.

మెత్తన్న వచ్చాడు. రాయుడు ముద్దలో మూతి పెట్టి ఉఁ ఉఁ అంటున్నాడు. కోళ్ళన్నీ అటు చేరాయి. కందికట్టె వెనక నుంచి మచ్చమ్మ లేచి, తండ్రి ముందే చెప్పినట్టు గుంట జోలికి పోకుండా, నీళ్ళకు అవతలి వైపుగా వెళ్ళింది. ఇప్పుడు గూట్లో గుడ్లు తప్ప ఎవరూ లేరు.

నక్క ముందు ఎదురు దిక్కుకు నడిచాడు. తొట్టి దగ్గర ఆగాడు. వంగి, లేని గింజల్ని ముక్కుతో ఏరాడు. ఒకసారి తప్పు చేసి, తనంతట తనే దిద్దుకుని, తల ఇంకా కిందికి వంచాడు. మంచి విద్యార్థే. పిందె చూస్తే మురిసిపోయేది.

చుక్కయ్య గొంతులో కేక పొంగుకొచ్చింది. ఎండుటాకుకు అరిచినవాడు, తోకకు అరిచినవాడు, ఇప్పుడు అసలైన నక్క తన కూతురి గూటి మీదికి నడుస్తుంటే నోరు మూసుకుని కూర్చోవాలి. ఇప్పుడు అరిస్తే నక్క తోటలోకి దూకి పారిపోతాడు, రేపు ఎటునుంచి వస్తాడో తెలియదు. అరవకపోతే, నీలవేణి దొర్లకుండా పడుకునుంటే... ముక్కులో మునగ పుల్ల ఒకటి ఇరికించుకుని గట్టిగా కరిచాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

నక్క కొట్టం వెనక్కి తిరిగాడు. గడ్డి మీద మొదటి అడుగు వేశాడు. రెండో అడుగు వేశాడు. మూడో అడుగు పడలేదు.

బ్లుప్పుమని ఓ చప్పుడు.

పుల్ల విరిగింది. అన్నాళ్ళూ వేసిన కేకలన్నీ కలిపినా దానికి సగం రావు, అంత కేక వేశాడు చుక్కయ్య. రాయుడు రెండు కళ్ళూ తెరిచి ఒక్క గెంతులో గుంట దగ్గరున్నాడు. నీలవేణి తీరిగ్గా వచ్చి అటు గట్టున చతికిలబడింది. ఒంటి నిండా పేడ, మొహం నిండా తృప్తి.

మెత్తన్న చంకల దాకా దిగిపోయాడు. ఎటు కాలు కదిపినా ఇంకాస్త దిగుతున్నాడు. గొంతు మాత్రం ఇంకా వెన్నలాగే ఉంది.

“బావగారూ, పొరపాటు పడుతున్నారు. పిల్లల కోసం కొత్త పని ఒకటి వెతుకుతూ ఇలా వచ్చాను.”

“ఏం పనో?”

“అదే... పేడ ఎత్తే పని.”

“దొరికిందిగా నాయనా,” అంది నీలవేణి. “నేర్చుకునే పోదువుగాని.”

కేక విని పాక దగ్గర్నుంచి పిల్లలు, తల్లులు, తండ్రులు పరుగెత్తుకొచ్చి గుంట చుట్టూ మూగారు. బయటపడాలంటే ముందు కాళ్ళతో పేడ ఎత్తి గట్టున పోసుకుంటూ రావలసిందే, వేరే దారి లేదు. మెత్తన్న ఎత్తడం మొదలుపెట్టాడు. పిల్లలకు అదీ పట్నంలో ఆటే అనిపించింది.

“అలా కాదు మామా, నోరు మూసుకుని ఎత్తాలి!” అన్నాడు బుడ్డ.

“కొంచెం కొంచెం ఎత్తు మామా, లేకపోతే నడుం పట్టేస్తుంది!” అంది దూడ.

“మళ్ళీ తప్పాడు! మళ్ళీ చెయ్యి మామా!” అన్నాయి కోడిపిల్లలు ఒక్క గొంతుతో.

నిన్నటి మేక చుక్కయ్య పక్కకు జరిగి, ఆయన మొహం చూడకుండా, “ఎండగా ఉంది, ఇటు నీడలోకి రండి పెద్దాయనా,” అంది.

నక్క గట్టెక్కేసరికి పొద్దు వాలింది. ఎక్కిన మరుక్షణం రాయుడు తరుముకున్నాడు, కొండ దాకా వదల్లేదు. ఆ కంపు ఎన్నాళ్ళకూ పోలేదు. కొండ మీద కుందేళ్ళు మెత్తన్న బయల్దేరకముందే వాసన పట్టి బొరియల్లో దూరేవట. ఎంత మెల్లగా నడిచినా, ఎంత తియ్యగా పలకరించినా అతని కంటే ముందు అతని వాసన వెళ్ళేది. కోతి మాత్రం డబ్బా చంకన పెట్టుకుని, తనకు ఆ నక్కెవరో తెలియనే తెలియదని ఊరంతా చెప్పుకుంటూ పోయింది.

“మన పని నేర్చుకుంటానని వచ్చినవాడు ఎంతసేపటికీ మన గుమ్మం దగ్గరే తప్పులు చేస్తుంటే, వాడికి కావలసింది పని కాదు, ఇల్లు,” అంది నీలవేణి, నెమరు మొదలుపెడుతూ.

కందికట్టె వెనక మచ్చమ్మ మళ్ళీ గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. పిందె మాత్రం గుంట గట్టునే నిలబడి ఉంది. చుక్కయ్య వెళ్ళి పక్కన నిలుచున్నాడు.

“తాతా, నేను తప్పు చెప్పానా?”

“లేదు. ఒక్క ముక్క తప్పు లేదు.”

“మరి ఆయన పడ్డాడెందుకు?”

“గుంట మేం మెత్తబరిచాం. నీకు చెప్పలేదు.”

పిందె గుంటలోకి తొంగి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. “ఇంకోసారి ఎవరైనా వచ్చి, నాకు రాదు, చెప్పవా అంటే? నిజంగానే రాక అడుగుతున్నారో, మెత్తన్న మామలాగా అడుగుతున్నారో ఎలా తెలుస్తుంది?”

చుక్కయ్య జవాబు కోసం వెతికాడు. ఎవరికీ ఏదీ చెప్పొద్దు అనవచ్చు. కానీ నిన్న సాయంత్రం ఈ పిల్ల కాళ్ళు నేలకానకుండా నడవడం ఆయన చూశాడు. అందరికీ అన్నీ చెప్పు అనవచ్చు. ఆ మాట అనడానికి ఆయనకు గుండె చాలలేదు.

“నాకు తెలీదే,” అన్నాడు. “ఇంత వయసొచ్చింది గానీ, అది మాత్రం నేనింకా నేర్చుకోలేదు.”